ఏడో వరస, పన్నెండో చోటు

మా అక్కకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఒక్క అబద్ధమూ ఆడలేదు. అబ్బాయిది మున్సిపాలిటీ ఉద్యోగం అన్నాడు, నిజమే. తోటల విభాగం అన్నాడు, జీతం కాగితం మీద ఇప్పటికీ ఆ మాటే ఉంటుంది. రోజంతా చెట్ల నీడన పని, ఎవరితోనూ గొడవ ఉండదు, పై అధికారులు ఆరు నెలలకోసారి కూడా అటు తొంగిచూడరు అన్నాడు. అందులో ఒక్క ముక్కకీ వంక పెట్టలేం. ఆ తోట ఊరి సమాధుల తోట అన్న సంగతి మాత్రం పెళ్ళయిన తొమ్మిదో రోజున, బావకు భోజనం క్యారేజీ ఇచ్చి రమ్మని నన్ను పంపినప్పుడు బయటపడింది. క్యారేజీ గేటు దగ్గరే పెట్టేసి ఇంటికొచ్చి పడ్డాను. మా నాన్న ఒంటికాలి మీద లేచాడు. అక్క తాపీగా, "నాకు ఆయన మొదటి రోజే చెప్పారు. మీరెవరూ అడగలేదు, నేను చెప్పలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇది ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి మాట. నేను బోర్డులు రాసేవాణ్ణి. మా ఊళ్ళో సగం షాపుల నెత్తిన ఉన్న అక్షరాలు నా చేతివే. ఎక్కడైనా వంకర అక్షరం కనిపిస్తే అది నాది కాదని అర్థం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా బావకు ఎక్కడుంటుందో ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. వీధిలో అందరూ ఆయన్ని గేటాయన అంటారు, ఆయనా ఆ పేరుకే పలుకుతాడు.

సమాధుల తోటకు కాపలా అంటే పొద్దున గేటు తీసి, సాయంత్రం గేటు వేసి, మధ్యలో కునుకు తీయడమే అనుకునేవాణ్ణి. నాలుగు రోజులు ఆయన వెంట తిరిగాక బుద్ధొచ్చింది. చచ్చినవాళ్ళు కదలరు గానీ వాళ్ళ మీద రాళ్ళు కదులుతాయి. ప్రతి వానాకాలం పది పన్నెండు రాళ్ళు పక్కకు ఒరుగుతాయి. వాటిని నిలబెట్టాలంటే పలుగుతో పైకి లేపి, కింద గుంట తవ్వి, ఇసుకా కంకరా దట్టించాలి. సిమెంటు పోస్తే మా బావకు నచ్చదు. భూమి కాస్త కుంగగానే సిమెంటుతో పాటు రాయీ విరుగుతుందట. రాతి మీద పట్టిన పాచిని యాసిడ్‌తో కడగకూడదు, అక్షరాలు కరిగిపోతాయి. మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్ళు, బోలెడంత ఓపిక కావాలి. చెట్ల వేళ్ళు ఎటు పాకుతున్నాయో చూసుకోవాలి, కాలవల్లో ఆకులు తీయాలి, కుళాయి కారకుండా చూడాలి. ఇవన్నీ చేసి, మట్టి చేతులు కడుక్కుని, దారి తెలియక వచ్చినవాళ్ళతో మెత్తగా మాట్లాడాలి. ఆ చివరి పని నా వల్ల ఈ జన్మకు కాదు.

ఆఫీసు అంటే ఒక్క గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, తాళంచెవుల మేకులు, జనం మరిచిపోయిన గొడుగులు ఓ డజను. బీరువాలో ఏడు పెద్ద రిజిస్టర్లు, అట్టలకు గుడ్డ అంటించినవి. తోట చరిత్రంతా వాటిలో ఉంది. ఒకప్పుడు ఊరంతా విషజ్వరాలు వచ్చిన ఏడాది మున్సిపాలిటీ ఊరి బయట ఒక పొలం కొని తోట మొదలుపెట్టిందట. ఇప్పుడు ఊరే వచ్చి దాని చుట్టూ కూర్చుంది. ఇరవై రెండు వరసల పాత భాగం నలభై ఏళ్ళ కిందటే నిండిపోయింది, ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా కొత్త భాగంలో ఉన్నారు. ఈ సంగతులు బావ ఎవరడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. పెళ్ళికి వెళ్ళినా విషజ్వరాల దగ్గర మొదలుపెడితే అక్క మోచేత్తో పొడుస్తుంది.

అసలు కథకు కారణం మాత్రం నేనే. ఇరవై నాలుగేళ్ళ కిందట, పాత భాగంలో వరస వరసకీ నంబరు బోర్డు పెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. బావ నా పేరు చెప్పాడు. నా మొదటి పెద్ద పని అది. ఇరవై రెండు ఇనుప పలకలు, ఆకుపచ్చ మీద తెలుపు. గేటులోంచి వస్తూనే ఎదురయ్యే వరసకు ఒకటి అని పాతి, అక్కడినుంచి అటు చివరి గోడ దాకా ఇరవై రెండు పాతాను. వచ్చిన ఇంజినీరు నా అంకెలు చూసి మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు పదేళ్ళపాటు కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

ఇక టీచరమ్మ సంగతి. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆవిడ ఆఫీసు గదిలోకి వచ్చి, చేతిసంచీలోంచి చిన్న చీటీ తీసి బల్ల మీద పెట్టింది. పాత భాగం, ఏడో వరస, పన్నెండో చోటు అని ఉంది దాని మీద. వాళ్ళమ్మ పోయేనాటికి ఆవిడకు నాలుగేళ్ళు. ఉద్యోగరీత్యా తండ్రి ఆవిడను తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇటు రాలేదు. ఆయన పోయాక పెట్టె అడుగున ఈ చీటీ దొరికిందట. అప్పటికి ఆవిడ రిటైరై, సొంత ఊళ్ళో స్థిరపడదామని వచ్చింది. బావ ఏడు అంకె వేసిన బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, కుళాయి ఉన్న పక్క గోడ వైపు నుంచి పన్నెండు లెక్కపెట్టి, రాయీ రప్పా లేని ఒక గడ్డి చెక్క చూపించాడు. టీచరమ్మ అక్కడే కూలబడి, "అమ్మా, వచ్చానే," అంది.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పదింటికి ఆవిడ హాజరు. మడత కుర్చీ వేసుకుని, వారంలో జరిగినవన్నీ తల్లికి చెప్పుకునేది. కోడలు పాలు పొంగించిన సంగతి, మోకాలి నొప్పి, మనవడి మార్కులు, ముఖ్యంగా వాళ్ళాయన మీద ఫిర్యాదులు. ముప్పై నాలుగేళ్ళు అరవైమంది పిల్లల క్లాసుల్లో పాఠం చెప్పిన గొంతు అది. గుసగుసలాడుతున్నాననుకుని మాట్లాడినా ఆఫీసు గదిలోకి వినబడేది. ఒకరి ఇంటి గుట్టు మనకెందుకని బావ కిటికీ రెక్కలు మూసేవాడు. మూసినా వినబడేది. ఆ గడ్డి చెక్క తలవైపు ఆవిడ ఒక తెల్లపూల మొక్క నాటింది, అది నడుమెత్తు పెరిగింది.

ఈ ఏడాదే బావ రిటైరవ్వాలి, దానికి ఇంకా నెల ఉంది. రిజిస్టర్లన్నీ సరిచూసి కొత్తగా వచ్చే మనిషికి అప్పగించడానికి తయారుచేస్తున్నాడు. అదే నెలలో టీచరమ్మ వాళ్ళమ్మకు రాయి వేయించాలని తీర్మానించుకుంది. రాయి చెక్కేవాడికి అక్షరాలు గీసి ఇవ్వమని నన్ను పురమాయించింది. "గుండ్రంగా రాయాలయ్యా, మా అమ్మ రాత గుండ్రంగా ఉండేదట," అంది. గీసిచ్చాను. ఆదివారం పొద్దున రాయి నిలబెట్టాలని ఖాయమైంది.

ఆ ముందు బుధవారం తోట అటు చివర గోడ వారగా నీళ్ళ గొట్టానికి కాలవ తవ్వుతున్నారు. బావ పనులన్నీ మానుకుని నా షాపుకొచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. తవ్విన చోట మట్టిలో నల్లటి పొడుగు రాయి బయటపడింది. నడుమ జనం అడుగులకు అరిగి గుంటపడి ఉంది, రెండు చివర్లా తలుపు తిరగడానికి తొలిచిన బెజ్జాలు.

"ఇది గడప. ఇక్కడ గేటు ఉండేదోయ్," అన్నాడు బావ.

"ఈ గోడ అవతల బస్సుల షెడ్డు కదా."

"షెడ్డు నిన్నగాక మొన్న కట్టింది. నేను రాకముందు ఎప్పుడో అటే రోడ్డు ఉండుంటుంది. రోడ్డు మారినప్పుడు గేటూ మార్చి, ఇక్కడ గోడ కట్టేశారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడున్నాను, నాకే తెలియదు చూశావా."

తెలియకపోవడానికి కారణం ఉంది. బావకు ముందున్న కాపరికి రిజిస్టరుతో పనే లేదట, మొత్తం తోట ఆయన తలలో ఉండేదట. బావ ఉద్యోగంలో చేరేసరికే ఆయన పోయాడు, తలలో ఉన్నదీ ఆయనతోనే పోయింది. బావ ఆ గడపను చీపురుతో తుడిచి, నీళ్ళు పోసి కడిగి, పెళ్ళికొడుకులా మెరిసిపోతూ నన్ను ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు.

అక్క వడ్డిస్తోంది. బావ గడప గురించి రెండోసారి చెబుతూ చెబుతూ, చెయ్యి కంచంలోనే ఉంచి ఆగిపోయాడు.

"ఏమోయ్, నువ్వు బోర్డులు ఎటునుంచి మొదలుపెట్టావు?"

"గేటు నుంచి."

"ఏ గేటు?"

"ఉన్నది ఒక్క గేటే కదా బావా," అన్నాను. అనేశాక ఆ గడప గుర్తొచ్చింది.

రిజిస్టర్లో ప్రతి వరసకీ లెక్క గేటు నుంచే. కాకపోతే అది రాసిన రోజుల్లో గేటు అటు చివర ఉంది. నా బోర్డులు ఇటు చివర నుంచి మొదలయ్యాయి. బావ చెయ్యి కడుక్కుని బయల్దేరాడు. వెనకే నేను తేలు కుట్టిన దొంగలా నడిచాను. రాళ్ళున్న సమాధులు మూడు చూశాం. రిజిస్టర్లో మూడో వరస అని ఉన్న డాక్టరు నా ఇరవయ్యో బోర్డు కింద ఉన్నాడు. తొమ్మిదో వరసలో ఉండాల్సిన అక్కాచెల్లెళ్ళు పద్నాలుగులో ఉన్నారు. అయిదో వరస బ్యాండుమేస్త్రి పద్దెనిమిదిలో తేలాడు. రిజిస్టరు అంకె, బోర్డు అంకె ఎలా కలిపినా ఇరవై మూడు వస్తోంది. వరస లోపలి లెక్క మాత్రం మొదట్నుంచీ కుళాయి గోడ వైపు నుంచే, అందులో తేడా లేదు.

"మరి ఇన్నేళ్ళలో నీకు అనుమానం రాలేదా బావా?"

"రాయి ఉన్నవాళ్ళ కోసం రిజిస్టరు ఎవరు చూస్తారు, పేరు చదువుకుని వెళ్ళిపోతారు. ఒకటి రెండు సార్లు నంబరు కలవలేదు. పాత గుమాస్తా తాగి రాశాడనుకున్నాను," అన్నాడు బావ. మళ్ళీ తనే, "పాపం, ఆయన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను," అన్నాడు.

రాయి లేని చోట్లు నంబరు చూసి బావ చూపించినవి మొత్తం మూడు. ఇద్దరు ఒక్కసారి వచ్చి పూలు పెట్టి వెళ్ళినవాళ్ళు, వాళ్ళకు ఆ సాయంత్రమే ఉత్తరాలు రాశాడు. మూడోది టీచరమ్మ. ఉత్తరం రాసి చేతులు దులుపుకునే వ్యవహారం కాదు అది.

నేను చాలా చెప్పిచూశాను. పదకొండేళ్ళుగా ఆవిడ మనసుకు అక్కడ నెమ్మది దొరికింది, ఇప్పుడు దాన్ని లాగేసి ఏం సాధిస్తావు అన్నాను. రాయి తీసుకెళ్ళి అక్కడే పాతేద్దాం, నువ్వు రిటైరవుతావు, నేను నోరెత్తను అన్నాను. నా తప్పు బయటపడకూడదన్న స్వార్థం కూడా అందులో ఉంది, దాచుకోవడం ఎందుకు. బావ అన్నీ విని, "ఆవిడ తల్లి తొమ్మిది వరసల అవతల ఒక్కర్తే ఉంది కదోయ్," అన్నాడు.

"మీరు చెప్పాల్సిందే. రేపు ఆవిడకే ఏదోలా తెలిసిందనుకోండి, అప్పుడు పోయేది ఒక్క సమాధేనా, మీ మాట మీద నమ్మకం కూడా," అంది అక్క. తర్వాత నావైపు తిరిగి, "ఒరేయ్, నువ్వూ వెళ్ళి ఆయన పక్కన నిలబడు. వంకర అక్షరం రాయను అని ఊరంతా కోతలు కోశావుగా," అంది.

గురువారం, శుక్రవారం, శనివారం బావ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. రాళ్ళకు పాచి తోముతూ తనలో తను మాటలు కూర్చుకోవడం నేను చూశాను. "అమ్మా, ఒక చిన్న పొరపాటు" అని మొదలుపెట్టి, చిన్నది అనకూడదని కొట్టేసేవాడు. ఊళ్ళో ఏ ఇంటి దుఃఖానికైనా మాట వెతుక్కోగల మనిషి, ఈ ఒక్కదానికి నీళ్ళు నమిలాడు. నాకు కోపం వచ్చింది, నా మీదే వచ్చింది, అందుకని దాన్ని ఎవరి మీదా చూపించడానికి కుదరలేదు.

ఆదివారం పదింటికి టీచరమ్మ కొత్త చీరలో వచ్చింది. వెనక బండిలో రాయి, రాయి చెక్కేవాడు. బావ ఆవిడను ఆఫీసు గదిలోకి రమ్మని, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. తను కూర్చోలేదు. మూడు రోజులు కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"అమ్మా, నేను మీకు తప్పు చోటు చూపించాను. మీ అమ్మగారు అక్కడ లేరు," అన్నాడు.

గడప, పాత గేటు, బోర్డులు, అన్నీ చెప్పాడు. తప్పు నాది అని ఒక్క ముక్క అనలేదు. నేనే ముందుకొచ్చి, "బోర్డులు తిరగేసి పాతింది నేనండీ," అన్నాను. టీచరమ్మ మమ్మల్నిద్దర్నీ హోంవర్కు చేయని పిల్లల్ని చూసినట్టు చూసింది. ఆ గొంతు పలకకుండా ఉంటే ఎంత భయం వేస్తుందో ఆ రోజే తెలిసింది. ఆవిడ చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మా బావకూ తిరిగాయి.

"మా అమ్మ ఎక్కడుందో చూపించండి," అంది చివరికి.

పదహారు అంకె వేసిన బోర్డు దగ్గరికి వెళ్ళాం. కుళాయి గోడ నుంచి పన్నెండు లెక్కపెట్టి, బావ సన్నటి ఇనుప ఊచ నేలలోకి మెల్లగా దించాడు. పక్కన గట్టి నేల మీద అది జానెడు దిగి ఆగింది, ఇక్కడ మోచేతి దాకా ఇట్టే దిగింది. ఒకప్పుడు తవ్విన నేల అన్నమాట. టీచరమ్మ అక్కడినుంచి వెనక్కి తిరిగి, తెల్లపూల మొక్క వైపు చూసింది.

"ఎన్ని వరసల దూరం?"

"తొమ్మిదమ్మా," అన్నాడు బావ తల వంచుకుని.

"తొమ్మిదే కదా. నేను క్లాసులో పాఠం చెబితే వీధి చివర కొట్టువాడికి ఎక్కాలు వచ్చేశాయి. మా అమ్మకు వినబడకపోవడమేమిటి, అంతా వినే ఉంటుంది." కుర్చీ మడత విప్పి అక్కడ వేసుకుంది. "అమ్మా, ఇన్నాళ్ళూ అటు తిరిగి కూర్చున్నాను. ఏమీ అనుకోకు."

మా బావ మొహంలోకి అప్పుడు రక్తం తిరిగొచ్చింది. రాయి దింపించి, గుంట తవ్వి, ఇసుకా కంకరా తనే దట్టించాడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. తాడు కట్టి చూసి, నిటారుగా నిలిచిందని తేల్చుకున్నాక గానీ లేవలేదు. గుండ్రటి అక్షరాలు బాగా వచ్చాయని టీచరమ్మ అంది. నేను ఆ మాటను ఎవరికీ చెప్పుకోలేదు, అదే నేను వేసుకున్న శిక్ష.

రాయి పని అయ్యాక ఆవిడకు మరో అనుమానం వచ్చింది.

"అయితే బాబూ, ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది ఎవరితో?"

మళ్ళీ ఆఫీసుకొచ్చాం. బావ రెండో రిజిస్టరు దించి, పదహారో వరస పేజీ తీసి, పన్నెండు మీద వేలు పెట్టాడు. టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది. పేరు: తెలియదు. ఊరు: తెలియదు. మగ మనిషి, వయసు సుమారు యాభై. స్టేషను బెంచీ మీద పోయాడు. వెంట వచ్చినవారు: లేరు. బంధుత్వం అన్న చివరి గడి ఖాళీగా ఉంది.

"మగ మనిషా," అంది టీచరమ్మ. "మా ఆయన మీద చాడీలన్నీ పదకొండేళ్ళు ఒక పరాయి మగాడికి చెప్పుకున్నానన్నమాట." ముందు ఆవిడే నవ్వింది. ఆ నవ్వు గేటు దాకా వినబడి ఉంటుంది. మేమూ నవ్వాం, ఆపుకోలేకపోయాం. కళ్ళు తుడుచుకుని ఆవిడ మళ్ళీ పేజీ వైపు వంగింది.

"పాపం, ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. మా ఆయన అయితే మొదటి వాక్యంలోనే అడ్డం పడతాడు. ఆ మొక్క అక్కడే ఉండనివ్వండి. వారం వారం ముందు అమ్మ దగ్గర కూర్చుని, వెళ్ళేటప్పుడు ఈయన్ని చూసి వెళతాను. ఇన్నాళ్ళు మాట్లాడి ఉన్నట్టుండి మానేస్తే ఏం బాగుంటుంది." తర్వాత వేలితో ఒక గడి మీద కొట్టింది. "ఇదిగో, ఇక్కడ లేరు అని రాశారు. ఇది తప్పు. దిద్దండి."

రిజిస్టర్లో పాత రాతను కొట్టేయకూడదు, అది మా బావ ముప్పై ఒక్క ఏళ్ళుగా తప్పని నియమం. పక్కన కొత్తగా రాసి తేదీ వేయవచ్చు. ఆయన కలం తీసి, లేరు అన్న మాట పక్కన టీచరమ్మ పేరు రాసి, పదకొండేళ్ళుగా, ప్రతి ఆదివారం అని చేర్చాడు. చివరి గడి దగ్గర కలం ఆగింది.

"బంధుత్వం ఏమని రాయమంటారమ్మా?"

టీచరమ్మ కిటికీలోంచి తెల్లపూల మొక్క వైపు చూస్తూ కాసేపు ఆలోచించింది. నేను మర్నాడే ఇరవై రెండు బోర్డులూ పీకి తిరగరాయాల్సిన పని గురించి ఆలోచిస్తున్నాను, ఆ క్షణాన అది కూడా మరిచిపోయాను.

"తెలిసినవాళ్ళు అని రాయండి," అంది.

అన్ని గడుల్లోనూ తెలియదు, తెలియదు అని ఉన్న ఆ వరస చివర మా బావ నిదానంగా ఆ మాట రాసి, కింద తేదీ వేసి, సంతకం చేశాడు.